వెదురు తల ఎందుకు వంచింది

ఒకప్పుడు వెదురు తల వంచేది కాదు.

మొదలు ఎంత నిటారుగా ఉండేదో కొస కూడా అంతే నిటారుగా ఉండేది. గాలి వచ్చి తోస్తే వంగేది, కాదనను. కాని గాలి అటు తిరగ్గానే టక్కున లేచి నిలబడేది. "వంచుకో, ఎంత వంచుకుంటావో వంచుకో! మళ్ళీ నిలబడకపోతే నా పేరు వెదురే కాదు" అని గాలితో పందెం వేసేది. పక్కనున్న టేకు చెట్టు తనకన్నా మూరెడు ఎత్తు పెరిగిందంటే వెదురుకి ఆ పూట సుఖం ఉండేది కాదు.

పొగరే. అయితే ఉత్త పొగరు కాదు, అన్న మాట నిలబెట్టుకునే పొగరు.

అందుకే ముంతగూడెం వాళ్ళు విల్లు కావాలంటే ముందు వెదురు దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ముంతగూడెం కొండల్లో ఉంది, ఉరుముల గెడ్డ ఒడ్డున. కొండ మీంచి దూకి వచ్చే ఏటిని అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. వెదురు వాళ్ళతో ముందే ఒక మాట ఖాయం చేసుకుంది.

"మీ పని కోసం వంగుతాను. కాని పని అయ్యాక, ఇంటికి వెళ్ళి మీరు మంచినీళ్ళు తాగకముందే నారి దించి నన్ను నిలబెట్టాలి. మరిచిపోయి నారితోనే వదిలేశారా, నా నడుము వంకర పడిపోతుంది. ఇక ఎన్నటికీ లేవలేను."

ముంతగూడెంలో ఎంత దాహంతో వచ్చినవాడైనా ముందు వింటినారి దించి, ఆ తర్వాతే కుండ దగ్గరికి వెళ్ళేవాడు.

ఆ ఊళ్ళో బుద్రి అనే పిల్ల ఉండేది. వయసులోకి వచ్చిన పిల్ల. గురి బాగా కుదిరింది. గురి కుదిరిందని ఊరికి తెలుసు, అడవికి తెలుసు, అందరికన్నా బాగా బుద్రికి తెలుసు. వాళ్ళ తాత సుక్రు విల్లులు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. మనవరాలికి సొంత విల్లు ఇచ్చే రోజు వచ్చిందని ఆయన ఒకటి కాదు, రెండు చేశాడు.

మొదటిది పొడుగు విల్లు. ఒకే వెదురు బద్ద. నేల మీద నిలబెడితే బుద్రి తలకన్నా జానెడు పైకి ఉంది. నగిషీ లేదు, రంగు లేదు. గెడ్డ ఒడ్డున ఉన్న పెద్ద పొదలోంచి కొట్టి తెచ్చిన వెదురది.

రెండోది కొమ్ము విల్లు. పొట్టిది. బుద్రి నడుము దాకా వస్తుందంతే. లోపలివైపు గేదె కొమ్ము, బయటివైపు నరాల పీచు, మధ్యలో కర్ర. మూడింటినీ తోలు ఉడికించి తీసిన జిగురుతో అంటించాడు. దాని కొసలు రెండూ ముందుకు మెలి తిరిగి ఉన్నాయి, మీసం దువ్వుకున్నట్టు. నల్లగా నిగనిగలాడుతోంది.

"సూడు బుద్రీ, రెండూ నా సేత్తో సేసినవే. ఏది కావాలో నువ్వే సెప్పు. కాని ఒకటే గుర్తెట్టుకో. ఒక సేతికి ఒకే విల్లు. వొద్దన్నదాన్ని మళ్ళా అడగకూడదు" అన్నాడు సుక్రు తాత.

అది ముంతగూడెం ఆచారం. ఏరుకున్న విల్లు ఇంటికి, వద్దన్న విల్లు అడవికి. వద్దన్నదాన్ని అది పుట్టిన పొదలోనే నిలబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి.

"నాకు తెలీదేటి తాతా? ఏసి సూసే సెప్తాను" అంది బుద్రి.

విల్లు ఏరుకోవడం అంటే అడవికంతటికీ వేడుకే. గేదె వచ్చింది, కుందేలు వచ్చింది, కాకి చెప్పకుండానే వచ్చింది.

"కొమ్ము విల్లే తీసుకో. మా ముసలమ్మ కొమ్ము అది. ఆవిడ ఉన్నప్పుడు పులే పక్కకి తప్పుకునేది" అంది గేదె.

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు. అసలే అది నన్ను వేటాడే విల్లు, నేనే బాగుందంటున్నానంటే చూసుకో" అంది కుందేలు.

పొడుగు విల్లు ఎవరినీ బతిమాలలేదు. "నా సంగతి నన్ను లాగి చూస్తే తెలుస్తుంది" అని ఊరుకుంది.

తాత కొమ్మకి ఆనపకాయ కట్టాడు. బుద్రి ముందు పొడుగు విల్లు ఎత్తింది. నారి చెవిదాకా మెత్తగా వచ్చింది. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా కుదపలేదు. బాణం నింపాదిగా వెళ్ళి ఆనపకాయకి తగిలింది. బాగానే ఉంది. తర్వాత తుప్పల్లో దూరి వేయబోతే విల్లు పైకొస కొమ్మకి తగులుకుంది, కిందికొస ముళ్ళలో చిక్కుకుంది. కాకి పగలబడి నవ్వింది.

అప్పుడు కొమ్ము విల్లు ఎత్తింది. తుప్పలో గొంతుకూర్చుని, పక్కకి తిరిగి, ఇలా లాగి అలా వదిలింది. బాణం కంటికి ఆనలేదు. ఆనపకాయ రెండు చెక్కలైంది.

"ఇదే!" అంది బుద్రి. ఎండ చురచురమంటోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. అలాంటి రోజున ఎవరైనా అదే అంటారు. నేనైనా అదే అంటాను.

బుద్రి పొడుగు విల్లు నారి దించి, గెడ్డ ఒడ్డున పొదలో దాని చుట్టాల మధ్య నిలబెట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. పొదలోని వెదుళ్ళకి తల కొట్టేసినట్టయింది. పెద్ద వెదురైతే ఊరి వైపు నుంచి ఆకులు తిప్పేసుకుంది.

కొన్నాళ్ళు బుద్రికి నేల మీద కాలు ఆనలేదు. కొమ్ము విల్లు భుజాన వేసుకుని అడవంతా తిరిగింది.

తర్వాత చోళ్ళు, అంటే రాగులు, కోతకి వచ్చాయి. గెడ్డ మధ్యలో వెడల్పాటి బండ ఒకటుంది, దున్నబండ. పంట కోతలప్పుడు గెడ్డలో నీళ్ళు మోకాలి దాకా కూడా ఉండవు. అందుకని ఊరివాళ్ళు చోళ్ళు ఆ బండ మీదే ఆరబోసుకుంటారు. మేకలు రావు, ఎండ బాగా తగులుతుంది. ఆ పొద్దున ఊరి ఆడవాళ్ళంతా కంకుల తట్టలు ఎత్తుకుని బండ మీదికి వెళ్ళారు. బుద్రి అప్పా అని పిలిచే వాళ్ళ అక్క సోంబారి కూడా చంటిదాన్ని వీపున కట్టుకుని వెళ్ళింది.

ఎక్కడో సముద్రం మీద తుపాను పుట్టిందని వాళ్ళకేం తెలుసు? మిట్టమధ్యాహ్నం కొండ మీద ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వాన దిగింది. కొండమీది నీళ్ళన్నీ ఒక్కసారి గెడ్డలోకి దూకాయి.

"జరగండి! జరగండి! నాకు సముద్రం దగ్గర పనుంది!" అని అరుచుకుంటూ గెడ్డ వచ్చింది. మోకాలి నీళ్ళు మెడకి వచ్చాయి. బండకి ఇటూ అటూ ఎర్రటి సుడులు. ఆడవాళ్ళు చోళ్ళు వదిలేసి బండ నడినెత్తికి ఎక్కి, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు ఒక్కో అంగుళం బండని మింగుతున్నాయి.

"గెడ్డమ్మా, కాస్త ఆగు!" అని ఒడ్డు నుంచి బుద్రి అరిచింది.

"ఆగడం నాకు రాదు తల్లీ. ఎవరూ నేర్పలేదు" అంది గెడ్డ. అది కోపంతో అన్న మాట కాదు. ఉన్న మాట.

సుక్రు తాత పరుగున వచ్చాడు. ఆయన భుజం మీద అడ్డాకు తీగ నారతో పేనిన మోకు ఉంది, లావుగా, ఏనుగుని కట్టేసేటంత. "దీన్ని బండకి సేరిస్తే పట్టుకుని వొచ్చేస్తారు. ఎలగ సేర్సాలో అదే తెలీటంలేదు" అన్నాడు.

"నానున్నాను కదేటి!" అంది బుద్రి. బరువైన బాణానికి సన్నటి తాడు కట్టింది. దాని రెండో చివర మోకుకి ముడేసింది. బాణం బండ దాటితే చాలు, వాళ్ళు సన్నతాడు లాగి మోకుని అందుకుంటారు. కొమ్ము విల్లు ఎత్తి నారి లాగింది.

విల్లు లోపల ఏదో కరకరమంది. వాన పడింది పొద్దుటి నుంచి కాదు, ఆ కాసేపే. అయినా జిగురుకి తడి ఎక్కింది. కొమ్ము ఒక పక్కకి, నరాలు ఒక పక్కకి జారుతున్నాయి. దువ్విన మీసం లాంటి కొస కాస్తా పక్కకి తిరిగిపోయింది. బాణం నాలుగు బారలు వెళ్ళి నీళ్ళలో పడింది.

"నన్ను తిట్టకు బుద్రీ. నేను ఎండపొద్దు విల్లుని. వానలో నా జిగురు నా మాట వినదు" అంది కొమ్ము విల్లు, సిగ్గుపడుతూ.

బుద్రి దాన్ని తిట్టలేదు. తాత గొంగడిలో చుట్టి పక్కన పెట్టింది. ఒక్క పరుగున వెదురు పొద దగ్గరికి వెళ్ళింది.

పొడుగు విల్లు తను వదిలిన చోటే ఉంది. వాన దాని మీంచి జారి పోతోంది. దానికి అంటించింది ఏమీ లేదు కదా, ఊడడానికి.

"నువ్వు నాకు కావాలి" అంది బుద్రి.

పొదంతా గలగలమంది. పెద్ద వెదురు పై నుంచి, తల కూడా వంచకుండా అంది: "వద్దన్న విల్లును మళ్ళీ అడిగే ఆచారం మీకు లేదుగా?"

"ఆచారం గట్టు మీదుంది. మా అప్ప బండ మీదుంది" అంది బుద్రి. "నిన్ను వొద్దన్నాను. ఎండలో సూసి ఎండకే ఏరుకున్నాను, వాన గుర్తురాలేదు. తప్పు నాదే. తిట్టాలంటే తిట్టు, కాని దారిలో తిట్టు."

పొడుగు విల్లుకి ఆ మాట నచ్చింది. తనలాగే మాట్లాడుతోంది ఈ పిల్ల.

"నారి ఎక్కించు. తిట్లు తర్వాత చూసుకుందాం" అంది.

ఒడ్డున నిలబడి బుద్రి తాడు వెనక్కి లాగి, రెండో బాణానికి కట్టి వింట పెట్టింది. అది మొదటిదాని కన్నా బరువు. నారి చెవి దాటేదాకా లాగింది. బురదలో కాలు జారింది గాని విల్లు కదల్లేదు. పిల్ల తడబాటునంతా ఆ పొడుగు విల్లు తన పొడుగులోనే మింగేసింది.

బాణం తాడుని వెంటేసుకుని వానలోకి వెళ్ళింది. బండ మీద సోంబారి ఎగిరి తాడు పట్టుకుంది. "అందిందే!" అని అరిచింది.

ఆడవాళ్ళు సన్నతాడు లాగారు, దాని వెంట మోకు వెళ్ళింది. బండకున్న కొమ్ములాంటి రాయికి కట్టేశారు. మరి ఇటు చివర దేనికి కట్టాలి? ఆ చోట ఒడ్డున చెట్టు లేదు. ఉన్నవల్లా పక్కపక్కన రెండు గుండ్రాళ్ళు, మధ్యలో మనిషి పట్టేంత సందు. గుండుకి కడదామంటే నున్నగా ఉంది, మోకు జారిపోతోంది. తాత పట్టుకుని నిలబడితే గెడ్డ తాతనే లాక్కుపోయేలా ఉంది.

"నన్ను ఆ రెండు రాళ్ళ వెనక అడ్డంగా పెట్టు. మోకు నా పిడికి కట్టు" అంది పొడుగు విల్లు.

అలాగే పెట్టారు. పొట్టి విల్లయితే ఆ సందులోంచి జారి గెడ్డలో పడేది. పొడుగు విల్లు కొసలు రెండూ రెండు గుండ్ల వెనక గట్టిగా ఆనుకున్నాయి. మోకు సందులోంచి గెడ్డ మీదికి సాగింది. నారి దించే తీరిక ఎవరికీ లేదు.

అప్పుడు గెడ్డ ఆ విల్లును లాగడం మొదలుపెట్టింది.

ఎంత బలమైన విలుకాడైనా కాసేపు లాగి వదులుతాడు. గెడ్డ వదలదే! లాగుతూనే ఉంది. ఉధృతి వచ్చినప్పుడు విల్లు వంగి మోకుకి చోటిచ్చింది, తగ్గగానే వెనక్కి లాక్కుంది. గుంజకి కట్టి ఉంటే మోకు ఎప్పుడో పుటుక్కుమనేది.

ఒక్కొక్కరే మోకు పట్టుకుని రాసాగారు. నీళ్ళు తాగుతూ, దేవతలందరినీ పిలుస్తూ, ఒడ్డున పడి ఏడుస్తూ నవ్వుతూ. అందరినీ పంపి సోంబారి చివరికి దిగింది, చంటిదాన్ని నెత్తికి ఎత్తి కట్టుకుని. సగం దూరం వచ్చేసరికి పై నుంచి ఒక మాను కొట్టుకొచ్చి మోకుకి అడ్డం పడింది. విల్లు సున్నా చుట్టినంత వంగిపోయింది. బుద్రి నీళ్ళ అంచుకి ఉరికింది.

"అప్పా! వదలకే!"

"నువ్వు వదలకపోతే సాలు!" అంది సోంబారి నీళ్ళలోంచి.

విల్లు వదల్లేదు. మాను పక్కకి దొర్లిపోయింది. సోంబారి ఒడ్డెక్కింది. చంటిది ఒకసారి తుమ్మి, పాల కోసం ఏడ్చింది. దాని ఏడుపు విని ముంతగూడెమంతా పండగ చేసుకుంది.

"ఇంక సాలు. నారి దించీ బుద్రీ. ఇప్పటికే సేపు మించిపోయింది, దాని నడుం ఏటవుతాదో" అన్నాడు తాత.

"ఆగు. బండ మీద ఇంకా ఉన్నారు" అంది విల్లు.

చూస్తే నిజమే. ఉడత, ముంగిస, పాము, అడవికోడి, ఎలుకలు... వరదకి బెదిరి బండెక్కినవన్నీ ఒక మూల వణుకుతున్నాయి. విల్లు పిలిచింది, అవి మోకు మీదికి ఎక్కాయి. ముంగిస వెనక్కి తిరిగి పాముతో "ఈ ఒక్క పూటకి మనం చుట్టాలం. ఒడ్డెక్కాక చూసుకుందాం" అంది. పాము సరేనంది. ఎగరడం వచ్చిన అడవికోడి కూడా భయంతో రెక్కల సంగతి మరిచిపోయి నడిచే వచ్చింది.

పొద్దు గుంకింది. "ఇంక దించనా?" అంది బుద్రి.

"ఇంకొకరున్నారు" అంది విల్లు.

నత్త! మోకు ఆ చివర, వేలి గోరంత నత్త. "వస్తున్నా... వస్తున్నా..." అంటోంది.

ఒడ్డెక్కినవాళ్ళంతా ఒక్కటే గోల. "నత్త కోసమా? నీకేమైనా పిచ్చా? నీ మాట నువ్వే మరిచిపోయావా? నారి దించకపోతే నీ నడుము వంకర పడుతుందని నువ్వే కదా చెప్పావు!"

"చెప్పాను. మరిచిపోలేదు. కాని అది నీళ్ళ మీద ఉంది, నేను గట్టు మీద ఉన్నాను. రానీ" అంది విల్లు.

నత్తనడక ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. జాము వెనక జాము గడిచింది. వాన తగ్గింది. బుద్రి విల్లు పక్కనే కూర్చుంది, పిడి మీద చెయ్యి తీయలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తెల్లారింది. మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి నత్త ఒడ్డున దిగి, "ఆలస్యం కాలేదు కదా?" అంది.

"లేదు. సమయానికే వచ్చావు" అంది విల్లు.

అప్పుడు బుద్రి మోకు విప్పింది. నారి దించింది. పొడుగు విల్లు లేవాలని చూసింది. లేవలేదు. మళ్ళీ చూసింది. కొసలు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి.

బుద్రికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్ను నిలబెడతామని మాటిచ్చాం" అంది.

"మాట మీరు తప్పలేదు. నేనే దించొద్దన్నాను" అంది విల్లు. ఆ గొంతులో ఇంకా అదే పొగరు.

బుద్రి దాన్ని తీసుకెళ్ళి పొద దగ్గర నిలబెట్టింది, చుట్టాలు చూస్తారని. టేకు చెట్టు ఆకులు ఊపుకుంటూ నవ్వింది. "గాలితో పందేలు వేసిన వంశం! చివరికి నత్తకి వంగిందా!"

పొదలో వెదుళ్ళన్నీ వంగిన విల్లు వైపే తిరిగాయి. పెద్ద వెదురు, అడవిలో అందరికన్నా నిటారుగా నిలబడేదే, మెల్లగా అడిగింది. "ఎవరైనా మిగిలిపోయారా?"

"ఎవరూ లేరు. చివరిది నత్త. అదీ వచ్చేసింది" అంది విల్లు.

పెద్ద వెదురు ఆకాశం వైపు ఒకసారి చూసింది. తర్వాత, ఏ గాలీ తోయకుండానే, తన తల వంచింది. విల్లు ఎంత వంగిందో సరిగ్గా అంత. దాని పక్కది వంచింది. ఆ పక్కది వంచింది. పొదంతా వంగింది.

"ఓడిపోయారా?" అంది టేకు, ఈసారి నవ్వకుండా.

"ఓడినవాళ్ళ తల కాదిది. పట్టుకుని వదలనివాళ్ళ తల" అంది పెద్ద వెదురు.

ఒక చేతికి ఒకే విల్లు అన్న ఆచారం ఆ వరదలోనే కొట్టుకుపోయింది. తాత కొమ్ము విల్లును నీడన ఆరబెట్టి, మళ్ళీ జిగురు పెట్టి బాగుచేశాడు. ఎండపొద్దున తుప్పల్లోకి బుద్రి దాన్నే పట్టుకెళ్ళింది. మబ్బు పట్టిన రోజున మాత్రం ఆ పొదలోంచే తాత కొట్టి తెచ్చి చేసిన ఇంకో పొడుగు విల్లు ఆమె చేతిలో ఉండేది.

వెదురు మొదలు నుంచి నిటారుగా లేచి కొసకి వచ్చేసరికి తల వంచడం అప్పటినుంచే. ఏటి ఒడ్డున వెదురు పొద కనిపిస్తే ఆగి చూడండి. దాని తలలు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి, ఇంకా ఎవరైనా దాటవలసినవాళ్ళు ఉన్నారేమోనని.